వాన పోయినంక వాగు

వానలు వెనకపట్టాక వాగులో దిగినప్పుడల్లా, తడి ఇసుక వాసనకు సుగుణ మేడం గుర్తొస్తుంది. సిద్దిపేటలో నీటి సర్వే పనిలో నా తొలి పై అధికారి ఆమె. వాగు పొంగితే ఊరంతా చూడటానికి పోతుంది. ఆమె మాత్రం జనం ఇళ్లకు మళ్లాక, వాగు సన్నబడ్డాక బయలుదేరేది. "వాన పడ్డప్పుడు పారేది మబ్బు నీళ్లు. వాన పోయినంక పారేది నేల ఇచ్చిన నీళ్లు. నేల ఎంత తాగిందో గప్పుడే తెలుస్తది" అనేది. ఆ సన్నని పారుదల ఎన్నాళ్లు నిలిచి ఏ రోజు ఆగుతుందో లెక్క రాసుకుని, చుట్టుపక్కల నేల నీటిని ఏమాత్రం ఇంకనిస్తుందో అంచనా కట్టడమే మా పని.

ఆ ఏడు కోహెడ వైపు ఒక ఊటకుంటకు చోటు చూడాల్సి వచ్చింది. నీళ్లు నేలలోకి ఇంకి, చుట్టూ ఉన్న బోర్లను బతికించే కుంట అది. పోటీలో రెండు ఊళ్లు. ఒకటి మా మేనమామది. ఆయన బోరు అప్పటికే ఆగి ఆగి పోస్తోంది, వరి పొట్ట మీదుంది. కుంట ఆయన ఊరికే రావాలని లోలోపల మొక్కుకున్నాను. దసరా దాటాక మామ ఊరికి పోయి చూస్తే, రేగడి నేలల మధ్య వాగు గలగలా పారుతోంది. నా మొహం వెలిగిపోయింది. మేడం కొలవలేదు. చెప్పులు చేతపట్టుకుని, "పా, ఏడికెల్లి వస్తున్నయో సూద్దాం" అని ఎగువకు నడిచింది.

మలుపు తిరగగానే మా మామ బోరు పైపు. నేరుగా వాగులోకి పెట్టి ఉంది. పక్కన ఆయన, తల దించుకుని. వెనక పొలం నెర్రెలు విచ్చి ఉంది. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎండిన వాగును జూస్తే కుంట పక్కూరికి రాస్తరని..." మామ నసిగాడు.

"మోటరు బంద్ జెయ్యి, అన్నా. పొట్టకొచ్చిన వరిని ఎండబెట్టి నాకు వాగు సూపిస్తవా?" ఆమె గొంతులో కోపం లేదు. వచ్చి గట్టు మీద కూర్చుంది. "నీ రేగడి నీళ్లు మింగదు. మింగని నేలల ఊటకుంట దండుగ. గది పక్కూరి ఎర్ర చెల్క నేలకే పోతది. కాని మింగని నేల నీళ్లను నిలబెడ్తది. లోతుగ ఇంకో తీరు కుంట తవ్వితే ఎండకాలం దాక నీళ్లు నీ కండ్ల ముందుంటయ్. దానికి నేను రాస్త."

రాసింది. రాసి ఊరుకోలేదు, కుంట తవ్వేదాకా అధికారుల వెంటపడింది. మామ చేసిన పని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు జీపులో నాతో ఒక్కటే అంది: "మంచిగ కనబడ్డదాన్ని జర పైకి నడిచి సూడాలె."

మేడం పోయి కొన్నేళ్లయింది. ఎవరేం శుభవార్త చెప్పినా, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీయడం నాకు అలవాటైపోయింది. ఇదో జబ్బని ఇంట్లో వెక్కిరిస్తారు. మామ ఆ కుంట నీళ్లతోనే ఇప్పటికీ వరి కోస్తున్నాడు. ఏటా దసరా వెళ్లగానే ఆయన ఫోన్ వస్తుంది.

"వాగు ఆగింది బిడ్డా. మోటరు బందే ఉన్నది. మేడం లెక్కల రాయి."

మేడం లేదని ఆయనకూ తెలుసు. రాస్తానంటాను. రాస్తాను కూడా.