ఎడమ చెవి మీద ముడి

నవల రాయడం ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే, వాకాడులో బస్సు ఆగేచోట ఉన్న టీ బంకులో అంటాను. అది నిజమే. నేను చెప్పేవాటిలో నిజాలు తక్కువ కాబట్టి దీన్ని గుర్తు పెట్టుకోండి.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. పగలు బళ్లో అయ్యవారిని. మిగతా వేళల్లో ఒక్క పుస్తకమూ అచ్చుకాని నవలాకారుణ్ణి. పులికాటు సరస్సు దగ్గర ఒక పీత నా గొడుగు లాక్కుపోయి దాని కింద కాపురం పెట్టిందని ఒకసారి బంకులో చెప్పాను. అందరూ నవ్వారు. "చిరుగు పడితే మా అక్క ఎర్రదారంతో కుట్టిన గొడుగది" అని కలిపాను. నవ్వు ఆగిపోయింది. "అయ్యో, ఆ గొడుగా?" అన్నాడొకడు, తను చూసినట్టే. ఆ ఎర్రదారమే నా మొదటి పాఠం.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో రాతప్రతిని సంచిలో పెట్టుకుని మద్రాసు వెళ్లాను. ప్రచురణకర్త పది పేజీలు తిప్పి, "మనుషులు బాగానే ఉన్నారండీ, ప్రాణమే లేదు" అని తిరిగి ఇచ్చేశాడు. సాయంత్రం దాకా అక్కడి కాశిమేడు చేపల రేవులో ఊరికే తిరిగి, రైలెక్కి గూడూరులో దిగి, బస్సులో ఊరు చేరాను.

బంకు సాయిబు గ్లాసులు కడుగుతూ పలకరించాడు.

"ఏం అయ్యోరూ, మదరాసులో ఏం చూసినావు? నిజం మాత్రం చెప్పబాక. చప్పగుంటే టీలో మళ్లా చక్కెర వెయ్యాల."

రాతప్రతి తిరిగొచ్చిందని చెప్పడం కంటే ఏది చెప్పినా మేలే అనిపించింది. రేవులో వల బాగుచేసుకుంటూ ఒక మనిషి కనిపించాడన్నాను. మన వైపు మాటే మాట్లాడాడన్నాను. గాలివానలో కొట్టుకుపోతుంటే వేరే పడవవాళ్లు తీశారట. తోడున్నవాణ్ణి కాపాడలేకపోయానన్న సిగ్గుతో ఇంటికి రాలేకపోతున్నాడట. తలగుడ్డ ముడి ఎడమ చెవి మీద పడేలా కట్టి, అందులో సగం కాలిన బీడీ దోపుకున్నాడని కూడా చెప్పాను. రేవులో అలాంటి మనిషి లేడు. నా టీ చల్లారేలోపు పుట్టాడు.

బంకుకు మూడు మైళ్లలో ఉన్న జాలర్ల ఊరు పట్టపుపాళెంలో ఒక తెప్ప గాలివానకు పోయి ఏడాది కావస్తోంది. ఇద్దరు పోయారు. ఒకడి శవం ఒడ్డుకు వచ్చింది, రెండోవాడిది రాలేదు. ఇదంతా నేను విన్నదే. కథ చెప్పేటప్పుడు ఎవరి ఇంట్లోంచి ఏది తీస్తున్నానో చూసుకోలేదు, అంతే. శవం దొరకనివాడి కోసం ఏడాది ఎదురుచూసి, గడ్డిబొమ్మ చేసి, వాడి గుడ్డలు తొడిగి కాల్చడం ఆ పాళెం ఆనవాయితీ. అది అయితే తప్ప వాడి పెళ్లాం మారుమనువుకు వెళ్లకూడదు. అందుకు తల్లి ఒప్పుకోవాలి. బొమ్మకు రోజు కుదుర్చుకున్న వారంలోనే నా కథ పాళెం చేరింది.

మూడోనాడు ఆ తల్లి వచ్చి బడి గుమ్మం ముందు కూర్చుంది.

"మావోడే గదా అయ్యోరూ?"

"నాకేం తెలుసవ్వా..."

"ఎడంకాలు ఈడ్చినాడా?"

లేదు అంటే అక్కడితో అయిపోయేది. ఆమె ముఖం చూసి జాలిపడ్డానంటే అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, మద్రాసులో ప్రాణం లేదనిపించుకున్నవాడికి ఇక్కడ ఒక మనిషి లేచి నడుస్తున్నాడు.

"ఆఁ... కొంచెం ఈడ్చినాడు."

"చిన్నప్పుడు చేపముల్లు దిగింది లే" అని ఆమె లేచి వెళ్లిపోయింది. తలగుడ్డ నేనిచ్చాను. కాలు ఆమె తెచ్చుకుంది. కథలో సగం వినేవాళ్లే తెచ్చుకుంటారు. మనం 'ఆఁ' అంటే చాలు.

గడ్డిబొమ్మ ఆగిపోయింది. బతికున్న బిడ్డను కాలుస్తారా అని ఆమె పాళెం పెద్ద మీద మట్టి ఎత్తిపోసిందట. రెండు నెలలు గడిచాక కోడలు బంకు దగ్గరికి వచ్చింది. ఇరవై దాటి ఉండదు. అందరూ వింటుండగానే అడిగింది.

"అన్నా, నువ్వు చూసినావా, చూళ్లేదా?"

"చూళ్లేదమ్మా."

"నాకెందుకు ఆ మాట? నాకు తెలుసు. మా యత్తకు చెప్పు. నన్ను చేసుకుంటానన్నోడు శ్రావణం దాకా చూస్తానన్నాడు, ఆపైన చూడడు. నువ్వు తలగుడ్డ కట్టి కూర్చోబెట్టినావే, ఆయన లెయ్యడు, నేను లెయ్యలేను."

"పో అయ్యోరూ" అన్నాడు సాయిబు. నాకోసం పోసిన టీ తనే తాగేశాడు.

పాళెం వెళ్లాను. తల్లి ఇసుకలో చేపలు ఎండబెడుతోంది.

"అవ్వా, అదంతా కల్పించి చెప్పినా. నీ కొడుకును నేను చూళ్లేదు."

"నిన్నెవురో బెదిరించినారు. నా కోడలా?"

"కాదవ్వా. ఇదే నిజం."

"చూడకుండానే కాలు సంగతి ఎట్టా తెలిసె నీకు?"

"నువ్వే గదా చెప్పింది!"

"నేను అడిగినా. చెప్పింది నువ్వు."

ఎండలో నిలబడి మూడుసార్లు చెప్పాను. చూళ్లేదు అన్న మాటకు ఎర్రదారం లేదు. మూడోసారి చెప్పేసరికి నాకే నమ్మకంగా వినిపించలేదు. అప్పుడు తప్పని తెలిసే రెండో కథ మొదలుపెట్టాను.

"నీకు చెప్పలేక అబద్ధమాడినానవ్వా. మొన్న మళ్లా మదరాసు పోయినా. జొరమొచ్చి పోయినాడంట. ఆడనే పూడ్చినారంట. కడాన నీళ్లడిగి, మాయమ్మ కుండలో నీళ్లయితే చల్లగుంటాయన్నాడంట."

ఆమె చేతులు ఆగలేదు. ఆ వరుసలో చేపలన్నీ తిప్పి అయ్యాక అంది:

"ఆ కుండ పగిలిపోయిందే. వాడికి తెలీదు పాపం."

తర్వాత నా పుస్తకాలు అచ్చయ్యాయి. మీ మనుషులు ఎదురుగా నిలబడ్డట్టే ఉంటారండీ అని పాఠకులు రాస్తుంటారు. అలాంటి ఉత్తరం వచ్చిన రోజు నేనేమీ రాయలేను. ఎదురుగా నిలబడేది ఆ గడ్డిబొమ్మ.

ఆ రెండో కథ విన్నాకే తల్లి ఒప్పుకుంది. శ్రావణం రాకముందే బొమ్మను కాల్చారు, ఆ రోజు నాకూ కబురు పెట్టారు. కోడలు బొమ్మకు చొక్కా తొడిగి, తలగుడ్డ చుట్టి, ముడి వెనక్కి వేసింది. అత్త వచ్చి ఆ ముడి విప్పింది.

"అట్టా కాదు. ఎడం చెవి మీదకు కట్టేవోడు."

"అత్తా, ఆయన ఎన్నడన్నా..." అని కోడలు ఆగిపోయింది. నా వైపు చూసింది. ఆ చూపు ముందు ఎక్కడ నిలబడాలో నాకు తెలియలేదు.

"బీడీ ఏదీ?" అంది తల్లి.

ఎవరో అందించారు. కోడలే దాన్ని తీసుకుని ముట్టించింది. సగం కాలేదాకా వేళ్ల మధ్య పట్టుకుని, ఇసుకలో ఆర్పి, నేను చెప్పిన చోటే దోపింది.

తల్లి రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"ఇప్పుడు మావోడు" అంది.