ఒకే నంబరు మీద ఇద్దరం

కల్లంలో మిరపకాయలు ఆరబోస్తుంటే దగ్గు పట్టుకుంది. ఘాటేలే అనుకున్నాను. మధ్యాహ్నానికి చలిజ్వరం వచ్చింది. ఊపిరి తీస్తే కుడిపక్క పోటు. అప్పుడు భయమేసింది.

సత్తెనపల్లి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, "న్యుమోనియా అమ్మా, అడ్మిట్ అవ్వాలి" అన్నారు డాక్టరు గారు.

"ఏ మందైనా పడదా?" అని నర్సమ్మ అడిగింది. అంతకుముందు కాలి గాయానికి అక్కడే ఓ ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. "కంప్యూటర్లో ఎక్కించాం, ఇక మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు" అన్నారప్పుడు. నేనూ నిశ్చింతగా మరిచిపోయాను.

"ఒకటి పడదండీ, పేరు తెలీదు. మీ కంప్యూటర్లో ఉంది" అన్నాను.

ఆవిడ ఫోన్ నంబరు కొట్టి చూసింది. "అలర్జీ ఏమీ లేదే" అని సూది వేసేసింది. కాసేపటికే గొంతు బిగుసుకుపోయింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఐసీయూలో ఉన్నాను.

మా ఇంట్లో ఇద్దరం వెంకాయమ్మలం. నేనూ, నాకు అక్క వరసయ్యే నా తోడికోడలూ ఒకే నాయనమ్మ మనవరాళ్లం. ఇద్దరికీ ఆవిడ పేరే పెట్టి, ఇద్దరినీ ఒకే ఇంటి అన్నదమ్ములకిచ్చారు. ఆసుపత్రిలో ఇద్దరికీ మా బావగారి నంబరే రాయించాం. ఇంటికి ఒక్క ఫోను చాలదా అనుకున్నాం. నర్సమ్మ తెరిచింది మా అక్క పేజీ.

అక్క ఊరుకుంటుందా! "ఇదేందమ్మా! వయసన్నా చూసుకోరా? మా చెల్లి పోతే మీ కంప్యూటర్ తెచ్చిస్తదా?" అని వార్డంతా దద్దరిల్లేలా అరిచిందట.

"పొరపాటేనమ్మా. పేరూ నంబరూ ఒకటే అయ్యేసరికి..." అన్నారట డాక్టరు గారు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

అలాగని కంప్యూటర్ వద్దనను. నయమయ్యాక గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకుంటే, సత్తెనపల్లిలో తీసిన ఎక్స్‌రేలూ వాడిన మందులూ అన్నీ తెర మీదే చూశారు. "మళ్లీ ఎక్స్‌రే అక్కర్లేదమ్మా" అన్నారు. సంచినిండా రిపోర్టులు మోసే బాధ తప్పింది.

ఇప్పుడు బాగానే ఉన్నాను. కల్లంలోకి వెళ్తే మూతికి గుడ్డ కట్టుకుంటాను. అక్కకి వేరే నంబరు, నాకు వేరే నంబరు.

మీకు పడని మందు పేరు మీరే నేర్చుకోండి. సూది తెచ్చిన వాళ్లచేత మీ పేజీ పైకి చదివించండి. "వెంకాయమ్మ, పెన్సిలిన్ పడదు" అని వాళ్ల నోట వినేదాకా నేను చెయ్యి చాపను.