ఒడ్డున ఉన్న కెప్టెన్

ఓడ మెట్టు ఒక్కటైనా ఎక్కకుండానే అతనికి అపార్టుమెంటులో కెప్టెన్ అని పేరొచ్చింది. హెడ్‌క్లర్కుగా రిటైరయ్యాడు గానీ నోటికి మాత్రం ఇంకా రిటైర్మెంటు రాలేదు. మొదటిసారి క్రూయిజుకు వెళ్తున్నామని ఎవరైనా నోరు జారితే చాలు, లిఫ్టు తలుపుకు కాలు అడ్డం పెట్టి మరీ పాఠం మొదలెడతాడు. "పెద్ద పెట్టె రేవులోనే తీసేసుకుంటారండీ, సాయంత్రానికి గానీ గదికి రాదు. మందులూ, ఓ జత బట్టలూ చేతిసంచిలో పెట్టుకోండి. ఓడలో ఇంటర్నెట్ కొన్నారా, జేబు గుల్లే!" చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, మాటమాటకీ ఎదుటివాడి చొక్కా గుండీని వేలితో పొడుస్తుంటాడు.

మొన్న భార్యతో తనే బయలుదేరాడు. రేవులో వరుసలో ముందువాళ్లకూ వెనకవాళ్లకూ అదే పాఠం. తీరా కౌంటరు దగ్గర జేబులు తడుముకుంటే పాస్‌పోర్టు లేదు. భద్రంగా ఉంటుందని పెద్ద పెట్టె అడుగున దాచాడు. ఆ పెట్టె అప్పుడే ఓడలోకి పోయింది. భార్య మాత్రం చేతిసంచిలోంచి తన పాస్‌పోర్టు తీసిచ్చింది.

"నాదీ ఆ పెట్టెలోనే పెట్టారుగా, పొద్దున్నే తీసేసుకున్నాను. మీది ముట్టుకుంటే అరుస్తారని వదిలేశాను. పెట్టె దొరికాక రండి," అని వెనక్కి చూడకుండా ఓడెక్కింది.

కెప్టెన్‌ని పక్కకు జరగమన్నారు. జరిగాడు, వరుసలో తర్వాతి మనిషి గుండీని వేలితో పొడిచాడు.

"చూశారా? ఆవిడకు నేర్పింది నేనే."