రిబ్బను కత్తిరించని హాలు

మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉండగా అకాలవర్షం పట్టుకుంది. గురజాల దగ్గర మా ఊరు. మాది కౌలు సేద్యం. కాయ తడిసి బూజు పడితే మా ఏడాది కష్టం గంగలో కలిసినట్టే. టార్పాలిన్లు కప్పినా కింద నుంచి నీళ్లు చేరుతున్నాయి.

ఊళ్లో ఖాళీగా ఉన్న పెద్ద కప్పు కొత్త కమ్యూనిటీ హాలు ఒక్కటే. ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించాలట, అందాకా తాళం! పంటలు చూడ్డానికి వచ్చిన తహసీల్దారు జీపుకి నేనే అడ్డం నిలబడ్డాను.

“ఏంది సారూ, రిబ్బను కోసం మా బతుకులు నానిపోవాలా?” అన్నాను. నా నోరు అలాంటిది.

ఆయన మబ్బు వంక చూశాడు. “తెరవండి. ఆర్డరు నాది,” అని తాళంచెవి ఇప్పించాడు. పొద్దుగూకేలోపు ఊరి కాయంతా లోపలికి చేరింది.

కాయ బతికింది. గోడలు మాత్రం ఎర్రబడ్డాయి. తహసీల్దారు సర్కారు భవనాన్ని ఇష్టారాజ్యంగా వాడించాడని ఎవడో మహానుభావుడు పైకి ఫిర్యాదు పెట్టాడు. విచారణ అన్నారు, సస్పెండు చేస్తారన్నారు. మా కోసం తెరిపించినాయన్ని అలా వదిలేస్తామా? ఊరంతా కూడబలుక్కుని గొప్ప ఉపాయం పన్నాం: తాళం మేమే పగలగొట్టామని చెబుదాం! పక్కింటి బాబాయి సుత్తి తెచ్చి నిజంగానే దాన్ని బద్దలు కొట్టి, సాక్ష్యంగా నా చేతిలో పెట్టాడు.

విచారణ ఆ హాల్లోనే జరిగింది. ఘాటు ఇంకా పోలేదు. పెద్దాఫీసరు తుమ్ముతూనే అడిగాడు, ఎవరు తెరిపించారని.

నేను లేచి తాళం చూపించాను. “మేమే పగలగొట్టామండీ. ఈ సారుకేం తెలీదు.”

“కూర్చో అమ్మా,” అన్నాడు తహసీల్దారు. పెద్దాఫీసరు వైపు తిరిగి, “ఆ రోజు తెరిపించింది నేనే. ఆపదలో ఆ నిర్ణయం తీసుకునే అధికారం చట్టం నాకిచ్చింది. ఎందుకు తీసుకున్నావని అడిగే అధికారం మీకిచ్చింది. కారణాలు చెబుతాను, రాసుకోండి,” అన్నాడు. వాన, పంట, మరో కప్పు లేకపోవడం, అన్నీ చెప్పాడు.

కొన్నాళ్లకు నిర్ణయంలో తప్పు లేదని తేల్చారు. గోడలకు సున్నం వేయించమన్నారు. ఆడవాళ్లమంతా కలిసి మేమే వేశాం. చూడ్డానికి వచ్చిన తహసీల్దారుని ఉండబట్టలేక అడిగేశాను.

“మా అబద్ధానికి ఊఁ అంటే మీ సొమ్మేం పోయిద్ది సారూ? ఉద్యోగం పోయుంటే?”

“పోతే ఇంకోటి వెతుక్కునేవాణ్ణి. నీ మీద కేసు పడితే, మళ్లీ నీకు పొలం కౌలుకి ఎవరిస్తారమ్మా?”

సున్నం చేతులతోనే దణ్ణం పెట్టాను.