ఇద్దరికీ పనికిరాని చావు

జఫర్‌గఢ్‌లో మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. "తొంభై దాటినయ్ గదత్తా, బాధెందుకు?" అన్నాడు ఫోన్ చేసిన మా తమ్ముడి కొడుకు. బాధకు వయోపరిమితి ఉంటుందని నాకు తెలియదు.

మా మామ గొడ్లు కాచుకునే మనిషి. సాయుధ పోరాటం రోజుల్లో ఆకలని వాకిట్లోకి వచ్చిన ఎవరికైనా అంబలి పోసేవాడు. దళంవాళ్లకు పోశాడని పోలీసులు పట్టుకుపోయారు. దెబ్బలకు తాళలేక దళం దాగిన చోటు చెప్పేశాడు. అయినా కాల్చి చంపి, శవాన్ని వాకిట్లో పడేసిపోయారు.

మావైపు చావింట ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాడి బతుకు చెప్పుకుంటూ శోకం పెడతారు. ఆరోజు ఒక్కరూ రాలేదు. వస్తే పోలీసుల కంట్లో పడతాం, దళం వెనకున్న సంఘానికి ద్రోహులమవుతాం అని తలుపులు వేసుకున్నారు. తొర్రూరులో మాకు కబురందేసరికి దహనం అయిపోయింది. సంఘం మనిషి ఒకాయన మాత్రం గోడవతల నిలబడి, "ద్రోహి కోసం ఏడ్వకు చెల్లె, ఉద్యమానికి నష్టం" అన్నాడట.

"నా మొగని పీనుగు మీ ఉద్యమానికి అడ్డమొచ్చిందా అన్నా?" అని అత్త లోపలికి పోయింది. ఏడవలేదు.

ఆ తర్వాత ఎవరింట చావైనా ముందు అత్తే వెళ్లేది. ఆ రోజుల్లో పోలీసుల వైపు నిలిచిన పటేలు తల్లి పోతే కూడా వెళ్లింది. "ఆళ్లింటికి ఎట్ల పోయినవ్ వదినె?" అని మా అమ్మ కసిరింది.

"ఆయన బిడ్డ ఒక్కతే ఏడుస్తుంది. ఎట్ల ఊకుంట?"

దుఃఖంలో ఉన్నవాళ్ల పక్కన కూర్చోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నేను చదివిన సిద్ధాంత గ్రంథాల్లో ఆ పేజీ ఎవరో చించినట్టున్నారు.

చాలా ఏళ్లకు ఊళ్లో అమరుల స్తూపం కట్టారు. మామ పేరు లేదు. ఆవిష్కరణ నాడు అత్త లేచి అడిగితే, "చరిత్రలో అందరికీ చోటుండదమ్మా" అన్నాడు నాయకుడు మైకులో.

"చోటొద్దు బిడ్డా. జర ఏడ్వనియ్" అని అక్కడే కూలబడి శోకమందుకుంది. "ఆకలన్నోళ్లకు అంబలి పోస్తివి, నీ నోట్ల నీళ్లు పోసెటోళ్లు లేకపోయిరి..."

కార్యకర్తలు "లే అవ్వా, లే" అని రెక్కలు పట్టుకున్నారు. మైకు నినాదాలెత్తుకుంది. అప్పుడు జనంలోంచి, ఆనాడు తలుపేసుకున్న పక్కింటి కోడలు నడుము వంగిపోయి వచ్చింది. కర్ర పక్కన పెట్టి, అత్త మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ హోరులో వాళ్ల గొంతులు మాకు వినపడలేదు. రెండు తెల్లని తలలు ఒకదానికొకటి ఆనుకుని ఊగుతూ కనిపించాయంతే.