కంపెనీ వదిలిన జాగా

తొంభై ఏడు వేసవి నాటికి మా అక్క అన్నపూర్ణేశ్వరి పోపులో ఆవాలు వెయ్యడం మానేసి ఏడాదైంది. ఆవాలు చిటపటమంటే మా బావ మాణిక్యం కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. కూలరు మీద నాలుగు చినుకులు పడ్డా ఉలిక్కిపడేవాడు. ఆయనకి అదంతా ఒక ఇంజను చప్పుడు. ఆ ఇంజను పాడైన రోజున ఆయన దాని దగ్గర లేడు కూడా. అయినా వింటూనే ఉన్నాడు.

బావది తణుకు. సైన్యంలో ఇరవై రెండేళ్ళు బళ్ళు బాగుచేసి, హవల్దారుగా రిటైరై, ఢిల్లీ కంటోన్మెంటు పక్కన నరైనాలో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. పనిమంతుడు. పనిమంతులకుండే పొగరూ ఉంది, సొంత బావే అయినా చెప్పక తప్పదు.

తొంభై ఆరు జనవరిలో పార్థసారథి అనే హైదరాబాదు ఆయన, గుర్‌గావ్‌లో ఏదో కంపెనీ మేనేజరు, ఒక విదేశీ కారు తెచ్చాడు. దేశం విడిచి వెళ్తున్న ఎంబసీ అధికారి దగ్గర కొన్నాడట. పెట్రోలు ఇంజనే గానీ టర్బో ఉంది. పొగ బయటికి పోయే ఊపుతో ఒక చక్రం తిరిగి ఇంజన్లోకి గాలి కూరుతుంది. ఎంత కూరితే అంత పరుగు. ఎంతవరకు కూరాలో కంపెనీ హద్దు పెట్టి పంపిస్తుంది.

"ఇంకాస్త లాగుతుందా, మాణిక్యంగారూ?"

"ఎందుకు లాగదండీ! కంపెనీవాళ్ళు భయస్థులు సార్. సగం బలం కట్టేసి అమ్ముతారు."

క్యారేజీ తెచ్చిన మా అక్క ఊరుకోలేదు. "కట్టేసినోళ్ళకి తెలీదా, ఎందుకు కట్టేశారో?"

"నీకెందుకే ఇవన్నీ, ఇంటికెళ్ళు" అని కసిరాడు బావ.

ఆ గాలి హద్దు పెరిగేలా రెండు మరలు బిగించాడు. తనకి నమ్మకమైన బంకులో పెట్రోలు పోయించి, మంచు పట్టిన పొద్దున ధౌలా కువాన్ దాకా తోలాడు. షాపులో సాయంగా ఉన్న నేనూ ఎక్కాను. వీపు సీటుకి అతుక్కుపోయింది. బావ పసిపిల్లాడిలా నవ్వాడు.

అది పటాలం మనిషి చేసే తప్పు. అక్కడ బండికి డిపో పెట్రోలే పోస్తారు, నూనె మార్చాల్సిన తారీఖున మార్చి తీరతారు. అలాంటి బళ్ళ మధ్యే బతికినవాడికి బయట ఎవరు ఏ పెట్రోలు పోయించుకుంటారో తట్టలేదు.

మే నెలలో, మిట్టమధ్యాహ్నం, జైపూర్ రోడ్డు మీద పార్థసారథి దారిలో పెట్రోలు పోయించుకున్నాడు. అందులో కిరసనాయిలు కలిసింది. పైన ఎండ, లోపల బావ పెంచిన గాలి. పెట్రోలు వేళ కాని వేళ చిటపటమని పేలుతూ పిస్టన్‌ని తినేసింది. లారీని దాటుతుండగా ఇంజను పట్టేసి బండి ఉన్నపళంగా ఆగిపోయింది. వెనక వస్తున్న బస్సు ఆగలేకపోయింది. పార్థసారథి బతికాడు. ఆయన భార్య హరిత బతకలేదు.

పోలీసులు బస్సు డ్రైవరుదే తప్పని రాసుకున్నారు. ఇంజను విప్పి చూసింది బావ ఒక్కడే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడర్థమైంది ఆయనకి. ఎండ కోసం, కల్తీ కోసం, నూనె మార్చడం మరిచిపోయే మనిషి కోసం కంపెనీ ఆ బలం వాడనివ్వకుండా జాగా వదిలింది. దాన్ని తను రెండు మరలతో తీసేశాడు. ఈ సంగతి నాకొక్కడికే చెప్పాడు. బయటపడితే షాపు మూతపడుతుందని ఇద్దరం నోరు మూసుకున్నాం. నాకిప్పటికీ సిగ్గే.

మళ్ళీ మే వచ్చింది. పార్థసారథి ఒక మామూలు కారు కొని, నేరుగా బావ దగ్గరికే తెచ్చాడు.

"దీన్ని మీరే చూడాలి. ఇంకెవర్నీ నమ్మలేను."

బావ చేతిలో స్పానరు కింద పెట్టేశాడు. "నన్ను నమ్మకండి సార్. మేడంగారి ప్రాణం తీసింది బస్సు కాదండి. నేనే." ఆగకుండా మొత్తం చెప్పేశాడు.

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బావకి కాస్త తేలికపడేదేమో. పార్థసారథి బెంచీ మీద కూర్చున్నాడు.

"పట్టేసే ముందు చప్పుడేమైనా వస్తుందా?"

"వస్తుందండి. అప్పుడు బండి పక్కకి ఆపేస్తే ఏమీ కాదండి."

"ఎంతసేపు వస్తుంది?"

"పది నిమిషాలైనా వచ్చుంటుంది సార్."

"హరిత అంది" అన్నాడాయన. "ఏదో చప్పుడొస్తోంది, ఒకసారి ఆపండి అంది. నేను టేపు సౌండ్ పెంచాను."