పడుగు వదలలేని పూట

మొన్న వేలూరులో మా అమ్మాయి వాళ్ళు నన్నొక హాస్యనాటకానికి తీసుకుపోయారు. నడుమలో హాస్యగాడు కిందికి దిగి, చూసేవాళ్ళలో ఎవరైనా పైకి రావాలని పిలిస్తే, జనం ఒకరినొకరు తోసుకుంటూ వేదిక ఎక్కారు. నేను మాత్రం, ఈ తల నెరిసిన వయసులో, కుర్చీలో కిందికి జారి ముందున్నవాడి వీపు చాటున దాక్కున్నాను. నవ్వితే నవ్వండి, నాలాంటి బిడియస్తులు మీలోనూ ఉండే ఉంటారు.

మా చిన్నతనంలో గుడియాత్తంలో ఇలాంటి నవ్వులన్నీ పగటివేషగాళ్ళవే. పట్టపగలు మా నేతవీధికి వచ్చి, ఎదురైనవాణ్ణల్లా ఆటలోకి లాగేవాళ్ళు. వాళ్ళ డోలు వినబడితే చాలు, నేను మగ్గం గుంటలోకి దూరిపోయేవాణ్ణి. పెళ్ళీడు వచ్చినా అదే వరస. ఎదురింటి మేనమామ కూతురంటే నాకు ప్రాణం. ఆ మాట ఆమెతో అనే ధైర్యం లేక, అన్న ఒక్కడికే చెప్పుకుని, పెద్దవాళ్ళతో నెమ్మదిగా కదపమని చేతులు పట్టుకుని బతిమాలాను.

ఒకరోజు వీధిలో మగ్గానికెక్కించే పడుగు పోగులు సాచి కుంచెతో గంజి పట్టిస్తున్నాం. గంజి ఆరేలోపు కుంచె ఆపితే పోగులన్నీ అతుక్కుపోతాయి గనుక, ఇల్లు కాలుతున్నా అక్కణ్ణుంచి కదలకూడదు. సరిగ్గా అప్పుడే పెళ్ళిళ్ళు కుదిర్చే అయ్యవారి వేషంలో ఒకడు తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"ఏమప్పా, ఎదురింటి పిల్ల మీద మనసు పడినావంట! మామ ఈడనే ఉండాడు, కావల్నా వద్దా, నోరు తెరిచి చెప్పు నాయనా!"

వీధి వీధంతా ఘొల్లుమంది. ఆమె గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. నేను తల దించుకుని కుంచె లాగుతూనే ఉన్నాను. వద్దంటున్నాడు, వేరే సంబంధం చూసుకోమని వేషగాడు మామ వైపు తిరిగి పాటెత్తుకున్నాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పడుగు అటు చివర మా అన్న కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు.

నలుగురిలో పరువు పోయిందని మామ ఆ నెలలోనే కూతురికి ఒడుగత్తూరు సంబంధం ఖాయం చేసేశాడు. వేషగాడి మీద నాకు కోపం లేదు, వాడి పొట్టకూటి విద్య అది. ఎందుకు చెప్పావని అన్నను అడిగితే, "నీ సిగ్గు పోవల్లనే కదప్పా! పడుగు ఇడిచి పారిపోలేవని ఆ పొద్దే రమ్మన్నాను" అన్నాడు, ఏదో ఉపకారం చేసినట్టు.

ఇప్పుడు వీధుల్లో పగటివేషాలు లేవు, పిల్లలకు ఆ బిడియమూ లేదు, మంచిదే. అన్న కూడా పోయాడు. బతుకంతా పక్కపక్క మగ్గాల మీదే నేశాం, ఒక కుండలో కూడే తిన్నాం. ఆ తర్వాత మాత్రం నా మనసులోని మాట ఒక్కటీ ఆయనకు చెప్పుకోలేదు. చెప్పడం లేదని ఆయన ఏనాడూ గమనించనూ లేదు.